ఒకే వారంలో మూడు పంక్చర్లు

“ఈగండీ,” అంది నెరిస్.

“ఆఁ?” అన్నాడు పార్ఫిట్. అంటూనే పళ్ళెంలోని గుడ్డుముక్కను ఫోర్కుతో గుచ్చి, దానిమీద వాలిన ఈగతో సహా నోటిదాకా తీసుకెళ్ళాడు. ఈగ ఆఖరి క్షణాన లేచిపోయిందో, లోపలికే పోయిందో నెరిస్ చూడదలచుకోలేదు. ముఖం తిప్పుకుని క్యారవాన్ చక్రం దగ్గర చతికిలబడింది.

వేల్స్ తీరంలో ఇరవై ఏళ్ళుగా వ్యాన్ వేసుకుని తిరుగుతూ టైర్లు మార్చే మనిషి ఆమె. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఈ చక్రాల ఇళ్ళవాళ్ళంటే ఆమెకు మొదటినుంచీ చిన్నచూపే. లోపల కర్టెన్లకు ఇస్త్రీ చేసుకుంటారు గానీ, బరువంతా మోసే టైర్లవైపు ఒక్కసారి వంగి చూడరు. అయినా పార్ఫిట్ లాంటివాణ్ణి ఆమె ఇదివరకు చూడలేదు. డెబ్బై దాటిన మనిషి. చొక్కామీద ఎన్నాళ్ళవో గ్రేవీ మరకలు. సోమవారం ఆమె మొదటిసారి వచ్చినప్పుడు, క్యారవాన్ టాయిలెట్ డబ్బాను మురుగు కాలువలో వంపబోయి సగం గడ్డిమీదే వంపాడు. ఆ తడి తొక్కుకుంటూ వచ్చి ఆమెకు చెయ్యి చాచాడు. ఆమె గ్లవ్స్ తియ్యకుండానే ఆ చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు టైరులో మేకు దొరికింది. మేకుకన్నా టైరు అధ్వాన్నంగా ఉంది.

“దీనికి తొమ్మిదేళ్ళండీ. పక్కన అచ్చేసిన అంకెలే చెబుతున్నాయి. చుట్టూ పగుళ్ళు, చూడండి.”

పార్ఫిట్ బొటనవేలితో టైరును తడిమాడు. “బానే ఉందే. గాడులు ఎంత లోతున్నాయో.”

“తిరిగితేగా గాడులు అరగడానికి. ఏడాదిలో పది నెలలు నిలబడే ఉంటుంది. రబ్బరు ఎండిపోతుంది. దారిలో ఇది పేలిందంటే క్యారవాన్ అటూ ఇటూ ఊగి, కారును కూడా తనతో తిప్పేస్తుంది.”

“నీ టైర్లు నువ్వు అమ్ముకోవాలి, అంతేగా బాబూ.”

ఆ ‘బాబూ’కి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. జుట్టు పొట్టిగా, గొంతు బొంగురుగా ఉంటే మాత్రం ఇంత వెటకారమా అనుకుంది.

రెండు టైర్లూ మార్చి వెళ్ళింది. బుధవారం మళ్ళీ ఫోను. కొత్త టైరులో ఇంకో మేకు. ఈసారి చిల్లు పూడ్చి, రెండు టైర్లలోనూ జిగురు మందు పోసింది. చిన్న చిల్లు పడితే ఆ జిగురే లోపలినుంచి మూసేస్తుంది. అయినా శుక్రవారం పొద్దున్నే మూడో ఫోను. ఆదివారంతో క్యారవాన్లు నిలిపే ఈ సైటును ఈ ఏటికి మూసేస్తారు. ఈలోగా పార్ఫిట్ దంపతులు స్టాఫర్డ్‌లోని ఇంటికి చేరాలి. నాలుగు గంటల దారి, సగం కొండల మలుపులు, ఆపైన లారీలే లారీలు.

ఇప్పుడు చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. ఆకుపచ్చ జిగురు చీమిడిలా కారి గడ్డిమీద ముద్దకట్టింది. నెరిస్ దాన్ని తుడిచి చూసింది. చిల్లు నేల తగిలే చోట లేదు. టైరు పక్కభాగంలో ఉంది, సన్నగా, గుండ్రంగా. అక్కడ జిగురు పనిచెయ్యదు. నిలబెట్టిన బండికి అక్కడ మేకు దిగే దారీ లేదు.

ఎవరో పొడిచారు.

రెండేళ్ళ కిందట పెద్దరోడ్డుమీద బోల్తాపడ్డ క్యారవాన్ దగ్గరికి ఆమెను పిలిపించారు. పరుపులూ, చెంచాలూ, ఒక చిన్న చెప్పూ మూడు వరుసల రోడ్డంతా చెదిరి ఉన్నాయి. అప్పుడూ చిట్లింది టైరు పక్కభాగమే.

“డబ్బా పారబోసొస్తా, ఎనిడ్,” అంటూ పార్ఫిట్ లేచాడు. భార్య డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది. చిన్నపాటి మనిషి, మల్లెపువ్వులాంటి ఏప్రన్. ఇలాంటి మురికి మనిషితో ఈమె ఎలా వేగుతోందో అని నెరిస్ వారంనుంచీ జాలిపడుతూనే ఉంది. ఆయన కంచె ఆకులమీద చెయ్యి రాసుకుంటూ నింపాదిగా నడిచి వెళ్ళాడు.

“అమ్మా, ఇది మేకు కాదు. ఎవరో కావాలని చేశారు. సైటువాళ్ళతో మీకేమైనా గొడవా? నేనైతే పోలీసులకు చెబుతాను.”

“వద్దమ్మా.” ఎనిడ్ ఏప్రన్ జేబులోంచి చెక్కపిడి దబ్బనం తీసి మెట్టుమీద పెట్టింది. “నేనే.”

నెరిస్ దబ్బనం మొనను టైరు చిల్లుతో పోల్చి చూసింది. “మూడుసార్లూనా?”

“మొదటి రెండుసార్లూ మేకులు కొట్టాను. నువ్వు జిగురు పోశావుగా. అందుకని ఇది.”

ఎంత శుభ్రమైన చేతులు. గోళ్ళు కూడా తీరుగా కత్తిరించి ఉన్నాయి. భర్త పళ్ళెంలోని ఈగను చూసినప్పటికన్నా ఎక్కువ రోత పుట్టింది నెరిస్‌కు ఆ చేతులను చూస్తే.

“మీరసలు మనిషేనా? ఆ చిల్లు కాసేపు ఓర్చుకుని, రోడ్డెక్కాక చిట్లితే? ఆయన పోవడమే కాదు, వెనకొచ్చే వాళ్ళూ పోతారు.”

“పోరు. తెల్లారగానే పొడిచి, గాలి మొత్తం పోయేదాకా ఇక్కడే కూర్చుంటాను. బండి గేటు దాటకూడదు, అంతే.”

“ఇంటికెళ్ళడం ఇష్టం లేకపోతే ఆ మాట ఆయనతో చెప్పొచ్చుగా. ఈ నీచపు పనేంటి?”

“జులైనుంచీ వద్దంటూనే ఉన్నా. వినడు. కారు తాళాలు దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. నలభై ఏళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు, నాకే చెబుతావా అంటాడు.”

“మరి నడపనివ్వండి. మధ్యలో మీకేం నొప్పి?”

ఎనిడ్ కంచెవైపు చూసింది. ఖాళీ డబ్బాతో ఆయన తిరిగొస్తున్నాడు. ఆమె గొంతు బాగా తగ్గించింది.

“ఆయనకు కళ్ళు కనిపించడం లేదమ్మా.”