ఎనభై నాలుగు పేజీలు

ఈ టర్ములో ఏ పరిశోధన పేపర్లు చదవాలో తేల్చడానికి ఏడుగురూ కూర్చున్నారు. కిటికీ బయట కెనడాలోని వాటర్లూ ఊరంతా మంచు. క్వాంటమ్ కంప్యూటింగ్ సిద్ధాంతం చదువుకునే బృందం అది. ఎవరు ఏ పేపరు చెబితే అది ప్రొఫెసర్ పెనర్ బోర్డు మీద రాస్తున్నాడు.

అక్కడ తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న ఒడీల్ తను రాసిన పేపరు పేరే చెప్పింది. వరుసగా మూడో టర్ము.

"మళ్లీ అదేనా?" అన్నాడు కోలిన్, అక్కడి పరిశోధక విద్యార్థి. "మా చేత చప్పట్లు కొట్టించుకునేదాకా వదిలేట్టు లేరే మేడమ్."

అందరూ నవ్వారు. ఒడీల్ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆరేళ్ల కిందటి పేపరది. ఒక రకం లెక్కను క్వాంటమ్ కంప్యూటర్ సైతం త్వరగా చేయజాలదని చెప్పే రుజువు. ఎనభై నాలుగు పేజీలు. ఆమెకు పేరొచ్చింది దానితోనే. ఏప్రిల్‌తో ఇక్కడి ఉద్యోగం అయిపోతోంది. దాన్ని ఈ గదిలో చదివించడానికి ఇదే ఆఖరి అవకాశం.

ఈ బృందానికి ఒక పద్ధతి ఉంది. పేపరు రాసినవాళ్లు నోరెత్తకూడదు. వేరొకరు బోర్డు దగ్గర నిలబడి, ఒక్క వరుస కూడా వదలకుండా విప్పి చెప్పాలి.

"రెండు వారాలు చాలు. పోనీ, మధ్య భాగం ఒక్కటైనా చదవండి," అంది ఒడీల్.

"అందరికీ తెలిసిందే కదండీ. అందులో కొత్తగా చూసేదేముంది?" అన్నాడు కోలిన్.

"నాలుగు వందల పేపర్లు దాని మీద నిలబడి ఉన్నాయమ్మాయ్," అన్నాడు పెనర్ మెత్తగా. "ఇంకా ఎవరు మెచ్చుకోవాలి నిన్ను?"

"మెచ్చుకోమని కాదు సార్."

"మరి?"

"మధ్య భాగం వరుస వదలకుండా చదవండి, చాలు," అంది ఒడీల్.

పెనర్ చేతులెత్తమన్నాడు. ఒడీల్ చెయ్యి ఒక్కటే లేచింది.

కోలిన్ చెప్పిన కొత్త పేపరుకు ఆరు చేతులు. అది ఒడీల్ రుజువును నిజమని తీసుకుని, అక్కణ్ణుంచి మొదలవుతుంది.

"చూశారా, మొదటి పేజీలోనే మీ పేరుంది. ఇంకేం కావాలి?" అన్నాడు కోలిన్, ఊరడిస్తున్నట్టు.

పెనర్ ఆమె పేపరు పేరు తుడిచేశాడు. అందరూ మంచు బూట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. ఒడీల్ కుర్చీలోంచి లేవలేదు.

నలభై ఏడో పేజీలోని తప్పు ఏడాది కిందటే ఆమె కంటపడింది. తన నోటితో చెప్పుకునే ధైర్యం చాలక, మూడు టర్ములుగా దాన్ని వాళ్ల చేత పట్టించాలని చూస్తోంది.