చలి అరలో డిప్పడు

మా ఆదిలాబాదుకు చలికాలం రావడం మానేసి తొమ్మిదేళ్లయింది. అందుకే, చలికాలమంతా నిద్రపోయే తాబేళ్లను పెంచుకునే ఇళ్లన్నీ వాటిని ఫ్రిజ్‌లోనే నిద్రపుచ్చుతాయి. మా డిప్పడు కూడా కింది అరలో, తడి కొబ్బరిపీచులో మూడు నెలలు పడుకుంటాడు. వాడు లేవకపోతే మా రెండేళ్ల పాపకు ఏం చెప్పాలో నాకు తెలియదు. వారానికోసారి తూకం వేస్తే చాలని పశువుల డాక్టరమ్మ చెప్పింది గానీ, భయంకొద్దీ నేను రోజూ తెరుస్తున్నాను.

"అమ్మా, ఇవాళ ఇది మూడోసారి. చలి పోతోంది," అని ఫ్రిజ్ మందలించింది.

మర్నాడు పొద్దున అదే ఫ్రిజ్ ఇల్లంతా వినబడేలా అరిచింది. "తాబేలు చిప్ప మీద నల్ల మచ్చ! కుళ్లు కావచ్చు. డాక్టరమ్మకు ఫోన్ కలుపుతున్నాను."

పాపను చంకనేసుకుని అత్తమ్మను కేకేశాను. అత్తమ్మ వచ్చి అర తెరిచి, ఆ మచ్చను బొటనవేలితో తుడిచి చూసింది.

"కాటుక గదనే ఇది! నువ్వే పెట్టినవా?"

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న పాపకు దిష్టిచుక్క పెడుతూ వాడికీ ఒకటి పెట్టాను.

"మంచిగ పండుకున్నడు గద అత్తమ్మా, ఎవరి కన్నన్న పడ్తదని..."

"ఎవరి కన్నే? దినాం తెరిచి తెరిచి చూసేది నువ్వే గద!"

ఫోన్‌లో డాక్టరమ్మ కూడా నవ్వేసింది.

తర్వాత వారం దాకా ఆ అర ముట్టుకోలేదు. ఆదివారం తూకం వేస్తే నాలుగు గ్రాములే తగ్గాడు. మూయబోతుంటే ఫ్రిజ్ మెల్లగా అంది:

"అమ్మా, చుక్క చెరిగిపోయింది. మళ్లీ పెడతారా?"