ఇద్దరి బియ్యం

అర్జీలు ఎత్తేశాక సర్కారే అన్నీ ముందుగా తెలుసుకుని ఇంటికి పంపుతోంది. దాని లెక్క ఇంతవరకూ తప్పలేదు. ఈ నెల రేషన్ బండి ఓబుళమ్మ ఇంట్లో ముగ్గురుండగా ఇద్దరికే బియ్యం దించింది.

"ఒకరు పోతారంటక్కా, ఈ నెల్లోనే. పేరు మాత్రం చెప్పరు, మనం బాధపడతామని," అన్నాడు డ్రైవరు తల దించుకుని.

"నేనేలే పాపా, ముసల్దాన్ని," అంది అత్త తేలిగ్గా.

ఓబుళమ్మ కూడా అదే అనుకుంది. అనుకున్నందుకు తనను తానే తిట్టుకుంది. ముగ్గురికీ సరిపడా బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

చేలో మోటారు మీద ఆమెను ఏనాడూ చెయ్యి వెయ్యనివ్వని భర్త నరసింహులు గడపలో నిలబడి పిలిచాడు.

"పొయ్యి తగ్గించి రా. మోటరు ఎట్లా ఎయ్యాల్నో సూపిస్తా."