అడ్డంగా పెట్టిన స్కూటర్

"బండి తీయండి ఆంటీ."

"తీయను."

హోటల్ ముందు కారు. దాని వెనకాలే అడ్డంగా స్కూటర్. పక్కనున్న మందుల షాపులో పనిచేసే ఆవిడ తాళంచెవి చేతిసంచిలో వేసుకుని నిలబడింది.

కుర్రాడికి ఉద్యోగమొచ్చింది. సోమవారం చేరాలి. ఆ సంబరంలో పట్టపగలే పీకలదాకా తాగాడు.

"ఇలా నడపకు బాబూ. ట్యాక్సీలో వెళ్లు."

"నా కారు, నా ఇష్టం. మధ్యలో నువ్వెవరివే?"

తాగింది చాలక నోరొకటి. స్టీరింగు ముందు కూర్చుని కారు వెనక్కి పోనిచ్చాడు. స్కూటర్ పడిపోయి బంపర్ కింద ఇరుక్కుంది. ఇక కారు కదిలితే ఒట్టు.

"ఉండు, నీ సంగతి చెప్తా" అని తనే ఫోన్ తీసి పోలీసులను పిలిచాడు. తన గొయ్యి తనే తవ్వుకోవడమంటే అదే.

వచ్చినవాళ్లు ముందు అతన్నే గొట్టంలోకి ఊదమన్నారు.

"కేసు ఆవిడ మీద కాదు, నీ మీద. పద."

కోర్టు లైసెన్సు రద్దు చేసింది. జరిమానా వేసి, పది రోజులు జైలుకు పంపింది. సంగతి తెలిసి కంపెనీవాళ్లు ఉద్యోగమూ లేదు పొమ్మన్నారు.

తండ్రి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కొడుకు మీదనుకునేరు, ఆవిడ మీద.

"చెట్టంత కొడుకు బతుకు బుగ్గి చేసింది. దాన్ని ఊరికే వదలను."

అన్నంత పనీ చేశాడు. మందుల షాపు యజమాని అతనికి స్నేహితుడే. మర్నాటికల్లా ఆవిడ ఉద్యోగం ఊడింది.

ఆదివారం కొడుకును చూడ్డానికి జైలు గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. తన ముందు బట్టల సంచితో ఆవిడే. అతని ఒళ్లు మండిపోయింది.

"మా వాడు ఊచల వెనక ఎలా ఉన్నాడో చూసి పోదామని వచ్చావా? సిగ్గులేదూ?"

ఆవిడ పక్కకు జరిగి దారిచ్చింది.

"మీరు ముందు వెళ్లండన్నయ్యా. మొదటిసారి కదా, వాణ్ణలా చూస్తే కాళ్లూ చేతులూ ఆడవు."

అతను విసురుగా గేటు దాకా వెళ్లి గార్డును నిలదీశాడు.

"ఆవిడకిక్కడేం పనయ్యా?"

"ప్రతి ఆదివారం వస్తుంది సార్" అన్నాడు గార్డు. "తాగి కారు నడిపి ఇద్దరు బడిపిల్లల్ని పొట్టన పెట్టుకున్నాడే, వాడి తల్లి."