ఎర్రబడిన గ్లాసు

కీళ్లవాపు జబ్బు తొమ్మిదేళ్ల చిన్మయి కిడ్నీల దాకా పాకిందని తెలిసి, సుభద్రమ్మ ఊరినుంచి లేత కొబ్బరి బొండాలు మోసుకొచ్చింది. కొట్టి పోసి ఇచ్చిందో లేదో, మనవరాలి చేతిలో గ్లాసు వద్దన్నట్టు ఎర్రబడింది. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఇలాంటి గ్లాసులే. పట్టుకున్న వేళ్లనుంచే ఒంట్లో సంగతి కనిపెట్టేస్తాయి.

"కొబ్బరినీళ్లు చలవే కదమ్మా!" అంది సుభద్రమ్మ బిత్తరపోయి.

"నా ఒంట్లో పొటాషియం ఎక్కువైంది మామ్మా. ఈ నీళ్లతో ఇంకా పెరిగితే గుండెకే ముప్పంట. నువ్వు తాగు."

వాచిన వేళ్లతోనే, చుక్క ఒలకకుండా అందించింది పిల్ల. మామ్మ చేతిలో గ్లాసు ఆకుపచ్చగా మారింది. కంటతడి పెట్టని ఆ పసిదానికి సుభద్రమ్మ లోలోపలే దణ్ణం పెట్టుకుని తాగింది.

"ఎలా ఉన్నాయి మామ్మా?"

"ఉత్త చప్పగా ఉన్నాయే తల్లీ."

చిన్మయి నవ్వింది. "నీకంటే గ్లాసే నయం. అబద్ధమాడదు."