కొత్త మోకు

కాలేజీ ల్యాబ్‌లో రాత్రి సుచరిత ఒక్కతే మిగిలింది. మైక్రోస్కోపు కింద ఉన్న ఈస్ట్ కణాలు, వాళ్ల బాపు బుచ్చయ్య గీసిన చివరి కల్లులోవి. రెండేళ్లుగా వాటిని చావనివ్వకుండా పెంచుతోంది.

తల్లి కణం నుంచి పిల్ల కణంలోకి సన్నని పోగులుంటాయి. మోటార్ ప్రోటీన్లు రకరకాల సరుకులు తగిలించుకుని ఆ పోగుల వెంట పోతాయి, నడుముకు మోకు కట్టి, కల్లు లొట్టితో తాడిచెట్టెక్కే బాపులాగే.

"మోకు పాతదైంది బిడ్డా. వచ్చేటప్పుడు జనగామల కొత్తది పట్కరా," అన్నాడాయన రెండేళ్ల కింద ఒక శనివారం ఫోన్లో. ఆమె కొన్నది. ఇదే ల్యాబ్‌లో మరిచిపోయి సొంతూరు కురవి బస్సెక్కింది. తెల్లారి పాత మోకు సగం చెట్టు మీద తెగి, బాపు పోయాడు.

మైక్రోస్కోపులో సరుకు మోస్తున్న ఆకుపచ్చ చుక్క ఒకటి సగం దారిలో ఆగింది. తర్వాత వెనక్కి దిగసాగింది. ఈ మోటారు ముందుకే తప్ప వెనక్కి నడవదు. సుచరిత కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. చుక్క ఆగి ఆగి, కాలు ఆనించుకుంటూ దిగుతోంది.

ఫోన్ మోగింది. గేటు దగ్గరి వాచ్‌మన్ యాకయ్య.

"మేడమ్, ఎవరో ముసలాయన మీ బాపునంటుండు. లోపలికి రమ్మంటే వస్తలేడు. తెల్లారితే తాడెక్కాలెనట. మోకు పట్కరమ్మంటుండు."