చమురు మట్టి

మూతపడ్డ చమురు కర్మాగారంలో విషం ఇంకిన మట్టిని కుప్ప పోసి, దాన్ని శుభ్రం చెయ్యడానికి చమురు తినే సూక్ష్మజీవుల్ని అందులో వదిలారు. రాత్రి కాపలా అక్కడే పనిచేసిన ముసలి ఫిట్టరుది. కుప్ప వేడి చూడమని థర్మామీటరు ఇచ్చినా, అలవాటు కొద్దీ చెయ్యే దూర్చేవాడు.

ఆ రాత్రి చెయ్యి తీసి చూస్తే, ముప్పై ఏళ్ళుగా సబ్బుకు లొంగని గోళ్ళ నలుపు లేదు. మురిసిపోయి మళ్ళీ దూర్చాడు. ఈసారి చెయ్యి రాలేదు.

ఎడం చేత్తో, ఆ జీవుల్ని వదిలిన ఇంజనీరమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"భయపడకు బాబాయ్, అవి చమురు తప్ప ఏమీ తినవు!" అని నవ్విందామె.

"డాక్టరేమన్నాడో తెలుసా తల్లీ? నా ఒంట్లో రక్తం కన్నా ఆ చమురే ఎక్కువుందట."

అవతల నవ్వు ఆగిపోయింది. కుప్పలోంచి మెల్లగా గుటకల చప్పుడు వినిపిస్తోంది.

"నొప్పిగా ఉందా బాబాయ్?"

"లేదమ్మా. మోచెయ్యి దాకా అసలు చెయ్యే ఉన్నట్టు లేదు."